సిరిలిక్ లిపి సంకేతీకరణ: అక్షర స్థానాల వెనుక చరిత్ర

ఉపోద్ఘాతం:

కంప్యూటర్ అక్షరాలను సంఖ్యల రూపంలోనే భద్రపరుస్తుంది. ఏ అక్షరానికి ఏ సంఖ్య చెందుతుందో నిర్ణయించే పట్టికను సంకేతావళి అంటారు. ఈ కేటాయింపు కేవలం సాంకేతిక వ్యవహారంగా కనిపించినా, దాని వెనుక భాషకు, పరికరాలకు, పాలనకు సంబంధించిన నిర్ణయాలు ఉంటాయి. రష్యన్, ఉక్రేనియన్, బల్గేరియన్ మొదలైన భాషలకు ఆధారమైన సిరిలిక్ లిపి ఇందుకు మంచి ఉదాహరణ. ఈ లిపికి రూపొందిన ప్రధాన సంకేతావళులు వేటిని కాపాడాయో, వేటిని వదులుకొన్నాయో ఈ వ్యాసం వివరిస్తుంది.

1. కోయి-8: చదవదగిన శిథిలం

ఆంగ్లానికి ఉద్దేశించిన ఆస్కీ పట్టికలో 7 బిట్లతో 128 స్థానాలు ఉన్నాయి. ఎనిమిదో బిట్‌ను చేర్చితే మరో 128 స్థానాలు లభిస్తాయి. సోవియట్ యూనియన్‌లో 1974 నాటి ప్రమాణంతో రూపుదిద్దుకొన్న కోయి-8 సిరిలిక్ అక్షరాలను ఈ రెండో సగంలో అమర్చింది. అయితే వాటిని వర్ణమాల క్రమంలో ఉంచలేదు. ప్రతి అక్షరాన్నీ దాదాపు అదే ధ్వని గల లాటిన్ అక్షరానికి సరిగ్గా 128 స్థానాల అవతల నిలిపింది.

దీని ప్రయోజనం ఒక పదంతో స్పష్టమవుతుంది. శాంతి అనే అర్థం గల ‘మీర్’ అనే రష్యన్ పదంలో మూడు అక్షరాలున్నాయి. చిన్న అక్షరాలలో వాటి సంకేతాలు 205, 201, 210. పాత ప్రసార మార్గంలో ఎనిమిదో బిట్ జారిపోతే మిగిలేవి 77, 73, 82. ఇవి లాటిన్‌లో ‘ఎమ్’, ‘ఐ’, ‘ఆర్’ పెద్ద అక్షరాలు. లిపి మారినా పదం చదవడానికి వీలుగానే ఉంటుంది. ఇందుకు చెల్లించిన మూల్యం అకారాది క్రమం. సంఖ్యల వరుసను బట్టి పదాలను పేర్చితే రష్యన్ నిఘంటువు క్రమం రాదు. ఈ పట్టిక రష్యన్ రూపాన్ని ఆంద్రేయ్ చెర్నోవ్ 1993లో ఆర్.ఎఫ్.సి. 1489 అనే పత్రంలో నమోదు చేశారు.

2. ఒకే సంఖ్య, పలు అక్షరాలు

డాస్ వ్యవస్థలో వాడిన 866వ పట్టిక వర్ణమాల క్రమాన్ని పాటించింది. కానీ తెరపై గళ్లు, గీతలు గీసే చిహ్నాలను 176 నుంచి 223 వరకు కదిలించకుండా ఉంచడంతో చిన్న అక్షరాల వరుస రెండు ముక్కలైంది. మొదటి 16 అక్షరాలు 175తో ముగియగా, తక్కినవి 224తో మొదలవుతాయి. విండోస్-1251లో పెద్ద అక్షరాలు 192 నుంచి 223 వరకు, చిన్నవి 224 నుంచి 255 వరకు వరుసగా ఉన్నాయి. 33 అక్షరాల రష్యన్ వర్ణమాలలో ఏడవదైన ‘యో’ మాత్రం ఈ వరుసకు వెలుపల 168, 184 స్థానాలలో నిలిచింది.

ఫలితంగా 225 అనే సంఖ్య కోయి-8లో పెద్ద ‘అ’, విండోస్-1251లో చిన్న ‘బ’, 866వ పట్టికలో చిన్న ‘స’ అవుతుంది. కోయి-8లో రాసిన ‘మీర్’ను విండోస్-1251గా భావించి తెరిస్తే ‘న’, ‘య’, ‘త’ ధ్వనుల పెద్ద అక్షరాల అర్థరహిత సముదాయం కనిపిస్తుంది. ఇటువంటి వికృత పాఠాన్ని రష్యన్లు ‘క్రకజ్యాబ్రి’ అంటారు. ఇక్కడ దత్తాంశం చెడలేదు. దాన్ని ఏ పట్టికతో చదవాలన్న సమాచారం మాత్రమే లోపించింది.

3. తొలగిన అక్షరం, దూరమైన స్థానం

ఉక్రేనియన్‌లో ‘హ’ను పోలిన ధ్వనికి ఒక అక్షరం, ‘గ’ ధ్వనికి దాని పక్కనే మరో అక్షరం ఉన్నాయి. సోవియట్ పాలనలో 1933 నాటి లేఖన సంస్కరణ ఈ రెండోదాన్ని వర్ణమాల నుంచి తొలగించింది. 1990లో అది తిరిగి చేరింది. ఈ మధ్యకాలంలో, 1988లో, వెలువడిన ఐ.ఎస్.ఓ. 8859-5 ప్రమాణంలో ఆ అక్షరానికి చోటు లేదు. విండోస్-1251 దానికి స్థానమిచ్చింది. కోయి-8 ఉక్రేనియన్ రూపం 1998లో నమోదైంది.

యూనికోడ్ తన సిరిలిక్ విభాగపు తొలి భాగాన్ని ఐ.ఎస్.ఓ. 8859-5 క్రమంలోనే అమర్చుకొంది. అందువల్ల పెద్ద అక్షరాలలో ‘హ’ ధ్వని అక్షరం 1043వ స్థానంలో ఉండగా, వర్ణమాలలో దాని పక్కనుండే ‘గ’ ధ్వని అక్షరం 1168వ స్థానానికి వెళ్లింది. ఒక భాషా విధానం తొలగిపోయిన తరువాత కూడా దాని జాడ సంఖ్యలలో మిగిలింది.

4. యూనికోడ్ పరిష్కారం, పరిమితి

యూనికోడ్ ప్రతి అక్షరానికీ ఒకే సంఖ్యనిచ్చి పట్టికల మధ్య సందిగ్ధతను తొలగించింది. సిరిలిక్ పెద్ద ‘అ’ సంఖ్య 1040. యూటీఎఫ్-8 పద్ధతిలో అది 208, 144 అనే రెండు బైట్లుగా నిల్వ అవుతుంది. అయినా సంఖ్యా క్రమం, నిఘంటు క్రమం ఒకటి కావు. ‘యో’ ఇక్కడ కూడా వరుసకు వెలుపలే ఉంది. తెలుగులోనూ ఇదే స్థితి. భారతీయ లిపులన్నిటికీ ఉమ్మడిగా ఏర్పడిన ఇస్కీ అమరికను అనుసరించినందున ‘ర’ పక్కన ‘ఱ’, ‘ల’ పక్కన ‘ళ’ ఉన్నాయి. సంప్రదాయ వర్ణమాలలో ‘ళ’, ‘ఱ’లు చివర వస్తాయి. అందుచేత పదసూచికలు, నిఘంటువులు కూర్చేటప్పుడు ఆయా భాషల వరుస నియమాలను విడిగా చేర్చవలసి ఉంటుంది.

ముగింపు:

కోయి-8 ధ్వనిసామ్యాన్ని, 866వ పట్టిక తెర గీతలను, విండోస్-1251 వర్ణక్రమాన్ని కాపాడాయి. సంకేతావళి పేరు తెలియని పాత దస్త్రం పరిశోధకునికి సంఖ్యల వరుసగానే మిగులుతుంది. తెలుగులో యూనికోడేతర ఫాంట్లతో కూర్చిన పుస్తకాలు, సిద్ధాంత గ్రంథాల దస్త్రాలకూ ఇది వర్తిస్తుంది. మూల దస్త్రంతో పాటు దాని సంకేతావళి లేదా ఫాంటు పేరును నమోదు చేయడం, మార్పిడి చేసిన ప్రతిని మూలంతో సరిపోల్చడం పాఠ పరిష్కరణలో భాగంగా పరిగణించాలి.