చెదరిన ఫైళ్లు

పాత నోటుపుస్తకములో మిగిలిన ఖాళీ పుటలలో ఒక విద్యార్థి పెద్ద వ్యాసము వ్రాసెననుకొందము. మొదటి భాగము 3వ పుటలో, తరువాతిది 17వ పుటలో, ఆపైది 40వ పుటలో పడినది. వ్యాసములో ఒక్క అక్షరమైనను పోలేదు. కాని చదువువాని కాలమంతయు పుటలు త్రిప్పుటకే సరిపోవును. కంప్యూటరులోని హార్డు డిస్కునకును ఇట్టి అవస్థయే కలుగును.

హార్డు డిస్కులో అయస్కాంతపు పూత గల పళ్లెములు తిరుగుచుండును. వానిపై హెడ్డు అనెడి చిన్న సాధనము ఇటునటు కదలుచు సమాచారమును చదువును, వ్రాయును. పాత ఫైళ్లను తీసివేసినపుడు అక్కడక్కడ ఖాళీలు ఏర్పడును. క్రొత్త ఫైలునకు చాలినంత చోటు ఒక్కచోట దొరకనిచో, కంప్యూటరు దానిని ముక్కలు చేసి ఆ ఖాళీలలో సర్దును. ఏ ముక్క ఎచ్చట ఉన్నదో ఒక పట్టికలో గుర్తించుకొనును.

దీనివలన నష్టమెంత? లెక్క కట్టి చూతము. నిమిషమునకు 7,200 సార్లు తిరుగు పళ్లెమునకు ఒక చుట్టునకు సుమారు 8.3 మిల్లీసెకన్లు పట్టును. కావలసిన చోటు హెడ్డు క్రిందికి వచ్చుటకు సగటున అందులో సగము, అనగా 4 మిల్లీసెకన్లకు పైగా వేచియుండవలెను. హెడ్డు జరుగుటకు మరి 9 మిల్లీసెకన్లు అనుకొన్నచో, మొత్తము సుమారు 13. సెకనుకు 100 మెగాబైట్లు చదువగల డిస్కులో 10 మెగాబైట్ల ఫైలు వరుసగా ఉన్నచో సెకనులో పదవ వంతులో వచ్చును. అదియే వేయి ముక్కలై డిస్కంతటను చెదరియున్నచో వెదకుటకే 13 సెకన్లు పట్టును!

ఈ ముక్కలను తిరిగి వరుసగా కూర్చుటయే డిఫ్రాగ్మెంటేషను. 2007లో ప్రజలకు అందిన విండోస్ విస్టాలోను, 2009లో వచ్చిన విండోస్ 7లోను ఈ పని ప్రతి బుధవారము తెల్లవారుజామున 1 గంటకు తనంతట తానే జరుగునట్లు ఏర్పాటు చేసిరి. ఆ వేళ యంత్రము ఆపివేసియున్నచో, తరువాత తెరచి ఖాళీగా ఉంచినపుడు జరుగును. 64 మెగాబైట్లకు మించిన ముక్కలను అది కదలింపదు. కారణము స్పష్టము: అంత ముక్కను చదువుటకే 640 మిల్లీసెకన్లు పట్టుచుండగా, వెదకుటకైన 13 మిల్లీసెకన్లు లెక్కలోనివి కావు.

ఇప్పటి కంప్యూటర్లలో పెక్కింట ఘనస్థితి డిస్కులు, అనగా ఎస్.ఎస్.డి.లు ఉన్నవి. వీనిలో తిరుగు పళ్లెము లేదు, కదలు హెడ్డు లేదు. కావున ముక్కలను వెదకుటలో ఇంతటి ఆలస్యము లేదు. పైగా వీనిలోని ఒక్కొక్క గదిలో పరిమితమైనన్ని సార్లు మాత్రమే వ్రాయవచ్చును. అనవసరముగా ఫైళ్లను కదలించుట వాని ఆయుస్సును తగ్గించుటయే. అందుచేత 2012లో వచ్చిన విండోస్ 8 మొదలుకొని కంప్యూటరు తన డిస్కు ఏ జాతిదో గుర్తించి, ఎస్.ఎస్.డి. అయినచో సాధారణముగా ముక్కలను కూర్చుటకు మారుగా, ఏ గదులు ఇక అక్కరలేదో దానికి తెలుపును. ఈ సూచనకు ట్రిమ్ అని పేరు.

కనుక పాఠశాలలోని కంప్యూటరు మందగించినపుడు ఉపాధ్యాయులు మొదట చూడవలసినది డిస్కు జాతి. పళ్లెముల డిస్కయినచో అనవసరపు ఫైళ్లను తీసి, చోటు కల్పించి, ముక్కలను కూర్పింపవచ్చును. ఎస్.ఎస్.డి. అయినచో ఆ పని మాని, జ్ఞాపకశక్తి, అనగా ర్యాము, చాలినంత ఉన్నదో లేదో పరిశీలింపవలెను. కారణము తెలియని చికిత్స యంత్రమునకును చేటే.

నిమిషమునకు 5,400 సార్లు తిరుగు డిస్కులో ఆ వేయి ముక్కలకు ఎంత కాలము పట్టునో విద్యార్థులు స్వయముగా లెక్కింపవచ్చును.