గర్భిణీలలో బీపీ: ఎవరికి ప్రమాదం ఎక్కువ?

గర్భిణీ స్త్రీ పరీక్షకు వచ్చిన ప్రతిసారీ మేము తప్పకుండా బీపీ చూస్తాము. "ఒంట్లో బాగానే ఉంది కదా సిస్టర్, మళ్లీ ఎందుకు?" అని కొందరు అడుగుతుంటారు. గర్భంతో ఉన్నప్పుడు పెరిగే బీపీ చాలామందిలో మొదట ఏ బాధా కలిగించదు. చూస్తే తప్ప తెలియదు.

కనీసం నాలుగు గంటల తేడాతో రెండుసార్లు చూసినా బీపీ 140/90 లేక అంతకు మించి ఉంటే అది ఎక్కువగా ఉన్నట్టే. 20 వారాలు దాటాక బీపీ పెరిగి, మూత్రంలో ఆల్బుమిన్ పోవడం గాని, కిడ్నీలు, కాలేయం దెబ్బతినడం గాని జరిగితే దానిని ప్రీ ఎక్లాంప్సియా అంటారు. అది ముదిరితే ఫిట్స్ రావచ్చు. మన పెద్దలు గుర్రపు వాతం అనేది దీనినే. ఇది తల్లికీ బిడ్డకూ ప్రాణాపాయం.

ఎవరికి రావచ్చు?

వీటిలో ఒక్కటి ఉన్నా ప్రమాదం ఎక్కువే:
- వెనుకటి గర్భంలో ప్రీ ఎక్లాంప్సియా గాని ఫిట్స్ గాని వచ్చి ఉండడం
- ముందు నుంచే బీపీ, షుగరు లేదా కిడ్నీ జబ్బు
- లూపస్ వంటి జబ్బు
- కడుపులో కవలలు

వీటిలో రెండు గాని అంతకు మించి గాని ఉన్నా జాగ్రత్త పడాలి:
- తొలి కాన్పు
- 35 ఏళ్లు, ఆపై వయసు
- ఊబకాయం
- తల్లికో అక్కచెల్లెళ్లకో ఇలా వచ్చి ఉండడం
- వెనుకటి కాన్పు జరిగి పదేళ్లు దాటడం

దాచకుండా, త్వరగా చెప్పండి

వీటిలో చాలా సంగతులు మీరు చెబితేనే మాకు తెలుస్తాయి. మొదటి బిడ్డ కడుపులోనే చనిపోయిందనో, అక్కకు ఫిట్స్ వచ్చాయనో అందరి ముందు చెప్పడానికి కొందరు జంకుతారు. అలాంటప్పుడు డాక్టరుగారితో విడిగా మాట్లాడతామని అడగండి.

మూడో నెలలోనే తెలిస్తే, అవసరమైనవారికి 12 వారాల నుంచి తక్కువ మోతాదు ఆస్పిరిన్ ఇచ్చి ముప్పు తగ్గించవచ్చు. 16 వారాలలోపు మొదలుపెడితే మేలు ఎక్కువ. ఏడో నెలలో చెబితే ఆ సమయం దాటిపోతుంది. ఈ మాత్ర సొంతంగా కొని వేసుకోకండి. ఆహారంలో కాల్షియం తక్కువైనవారికి కాల్షియం మాత్రలూ మేలు చేస్తాయి. ఐరన్ మాత్రతో కలిపి మాత్రం వేసుకోకూడదు. ఉప్పు మానేసినంత మాత్రాన ఈ జబ్బు ఆగదు.

పుట్టింటికి వెళ్లేటప్పుడు

తొలి కాన్పుకు ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో అమ్మాయిని పుట్టింటికి తీసుకువెళ్తాము. ఈ జబ్బు ఎక్కువగా బయటపడేదీ ఆ చివరి నెలల్లోనే. చీరలు, గాజులతో పాటు పరీక్షల కార్డు, మందుల చీటీ సంచిలో పెట్టండి. వెళ్లిన వారంలోపే అక్కడి డాక్టరుకు చూపించండి.

వెంటనే రండి

తగ్గని తలనొప్పి, కళ్లు మసకబారడం, పొట్ట పైభాగాన నొప్పి, ముఖం, చేతులు ఉబ్బడం, బిడ్డ కదలిక తగ్గడం - వీటిలో ఏది కనిపించినా తెల్లవారేదాకా ఆగవద్దు. ఫిట్స్ వస్తే 108కి ఫోన్ చేయండి. ఫిట్స్‌కు మెగ్నీషియం సల్ఫేట్ ఇంజెక్షన్ ఉంది. ముప్పు ఉన్నవారికి ముందే ఇస్తే ఫిట్స్ సగానికి పైగా తగ్గుతాయని 2002లో వెలువడిన మాగ్‌పై అధ్యయనం తేల్చింది. కాన్పు తర్వాత కూడా ఆరు వారాల వరకు బీపీ చూపించుకోవాలి.

మీ కోసం మేము ప్రార్థిస్తున్నాము. మీరూ ప్రార్థించండి, కాని డాక్టరు చెప్పకుండా మాత్రలు ఆపకండి. దేవుడు మీ ఇంట తల్లినీ బిడ్డనూ క్షేమంగా కాపాడును గాక.