పొరల లుఖ్మీ, గుల్ల బిస్కత్తు

హైదరాబాదు పాతబస్తీలో తెల్లవారుజామున నడిచి వెళ్ళేవాళ్ళకు చార్మినారు కంటబడే లోపలే బేకరీల వాసన ముక్కుకు తగులుతుంది. కాలిన మైదా, కరిగిన వెన్న, ఏలకులు కలిసిన వాసన అది. ఊరు నిద్ర లేచే వేళకు బట్టీల దగ్గర పనివాళ్ళకు సగం పని అయిపోయి వుంటుంది. వాళ్ళు రేకు పళ్ళాలను పొడుగాటి కర్రలతో బట్టీలోకి తోస్తూ, కాలినవాటిని బయటికి లాగుతూ వుంటారు. పొద్దున్నే ఇరానీ హోటలుకు వెళ్ళి కూర్చుంటే చాయ్‌తో పాటు బల్ల మీదికి వచ్చేవి ఇవే: ఉస్మానియా బిస్కత్తు, నెలవంక ఆకారంలో వుండే చాంద్ బిస్కత్తు, పట్టుకుంటే పొరలుగా రాలిపోయే ఖారా బిస్కత్తు, నలుచదరంగా వుండే లుఖ్మీ.

ఖారా అన్నాం గదా అని అందులో మిరపకాయ వుంటుందనుకునేరు! ఉర్దూలో "ఖారా" అంటే ఉప్పన అని అర్థం. మన కారం వేరు. లుఖ్మీ పేరు "లుక్మా" అనే మాట నుంచి వచ్చింది. లుక్మా అంటే ముద్ద, నోటికి పట్టేటంత తిండి అన్నమాట. ఇది సమోసాకు చుట్టమే. కాని సమోసాకు మూడు మూలలైతే దీనికి నాలుగు. లోపల బంగాళాదుంప వుండదు, ఖీమా వుంటుంది. పెళ్ళి విందులలో కబాబు పక్కన లుఖ్మీ వుండవలసిందే. పాతబస్తీ వాళ్ళకు నాలుగు మూలలంటే ప్రీతి కాబోలు! 1851లో పురానీ హవేలీ దగ్గర మొదలయిన మున్షీ నాన్ దుకాణం పేరు తెచ్చుకున్నది కూడా నాలుగు మూలల రొట్టెతోనే.

ఉస్మానియా బిస్కత్తుకు ఆ పేరు 1911 నుంచి 1948 దాకా రాజ్యం చేసిన ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ పేరు మీద వచ్చింది. ఉస్మానియా ఆసుపత్రిలో రోగులకు తేలికగా అరిగేటట్లు మొదట దీన్ని చేశారని కొందరు చెబుతారు. కాదు, నిజాముగారికి చాయ్‌తో తినటానికి చేశారని మరి కొందరంటారు. ఇవి నోటినోటా నడిచే కథలు. ఏ కథను నమ్మినా రుచి మాత్రం ఒకటే: మొదట తీపి, వెనకనే కాస్త ఉప్పు.

ఇప్పుడొక చిక్కు ప్రశ్న. లుఖ్మీలో వున్నది మైదా, నెయ్యి, ఉప్పు, కాస్త తడి. ఉస్మానియా బిస్కత్తులోనూ దాదాపు అవే, చక్కెర, పాలు అదనం. మరి ఒకటి పొరలుగా విడిపోతుంది, రెండోది నోట్లో పొడి అయిపోతుంది. ఎందువల్ల?

గోధుమలో వుండే మాంసకృత్తులు నీటితో కలిసి పిసికినప్పుడు రబ్బరులాగా సాగే ఒక వలను అల్లుకుంటాయి. దీన్ని గ్లూటెన్ అంటారు. పిండిని ఎంత పిసికితే వల అంత బలపడుతుంది. చపాతీ సాగటానికి కారణం అదే. బిస్కత్తు చేసేటప్పుడు ముందే పిండికి వెన్న బాగా పట్టిస్తారు. వెన్న ప్రతి రేణువు చుట్టూ గొడుగులాగా నిలబడి తడిని లోపలికి రానివ్వదు. ఇక వల అల్లుకునేది ఎక్కడ? అందుచేత బిస్కత్తు గుల్లగా వస్తుంది.

లుఖ్మీకి చేసేది వేరు. ముందు పిండిని పిసికి వలను అల్లుకోనిస్తారు. ఆ తరవాత పలచగా వత్తి, పైన నెయ్యి రాసి మడతలు పెడతారు. నెయ్యి పొరకూ పొరకూ మధ్య గోడలాగా వుండిపోతుంది. వేడి తగలగానే పిండిలోని నీరు ఆవిరి అవుతుంది. ఒక చెంచాడు నీరు ఆవిరి అయితే దానికి 1,600 చెంచాలకు మించిన చోటు కావాలి! చోటు కోసం ఆవిరి పొరలను పైకి తోస్తుంది. మధ్యన నెయ్యి వుండటంచేత అవి అంటుకోలేక విడిపోతాయి. గోదావరి ప్రాంతంలో తాపేశ్వరం మడత కాజాకు పేరు తెచ్చినది ఈ మడతల పనితనమే. ఫ్రాన్సు దేశంలో పొద్దున్నే తినే క్రోసాన్ అనే నెలవంక రొట్టెలో పొరలు కూడా ఇలా వచ్చినవే.

"అవన్నీ బజారులో కొనుక్కోవలసినవే, ఇంట్లో ఎక్కడ వస్తాయి?" అని మీ ఇంట్లో ఎవరైనా అనవచ్చు. బట్టీ లేకపోయినా వస్తాయి. అయితే పొయ్యి దగ్గర పని, నూనె దగ్గర పని పెద్దవాళ్ళదే. పిసకటం, మడవటం, కోయటం మీ వంతు.

లుఖ్మీకి పావు కిలో మైదాలో అర చెంచా ఉప్పు, రెండు పెద్ద చెంచాల నెయ్యి, రెండు పెద్ద చెంచాల పెరుగు కలిపి, తగినన్ని నీళ్ళతో పూరీల పిండి మాదిరిగా కలపండి. తడిగుడ్డ కప్పి అరగంట వుంచండి. తరవాత అప్పడాల కర్రతో పొడుగ్గా వత్తి, పేరుకున్న నెయ్యి పలచగా రాసి, పైన పొడిపిండి చల్లి, ఉత్తరం మడిచినట్లు మూడు మడతలు పెట్టండి. పది నిమిషాలు ఆగి మళ్ళీ వత్తి, మళ్ళీ మడవండి. మొత్తం మూడుసార్లు. మొదట 3 పొరలు, రెండోసారికి 9, మూడోసారికి 27. నాలుగోసారి మడిస్తే ఎన్నో మీరే చెప్పండి!

ఇందులో ముఖ్యమైనది నెయ్యి కరగకుండా వుండటం. కరిగితే పిండిలోకి ఇంకిపోయి పొరలన్నీ ఒక్కటయిపోతాయి. ఎండాకాలం మధ్యాహ్నంపూట ఈ పని పెట్టుకోకండి. పొద్దున్నే చల్లటి వేళ చెయ్యండి, లేదా మడతకూ మడతకూ మధ్య పిండిని ఫ్రిజ్‌లో పెట్టండి.

లోపలికి అల్లం, వెల్లుల్లి, కొత్తిమీర వేసి వండిన ఖీమా పెడతారు. మాంసం తినని ఇళ్ళలో ఉడికించిన శనగపప్పును ఉల్లిపాయ, పచ్చిమిరపకాయలతో వేయించి పెట్టుకోవచ్చు. పాతబస్తీ వాళ్ళు దాన్ని లుఖ్మీ అని ఒప్పుకోరేమో గాని, రుచికి లోటుండదు. ఏది పెట్టినా తడి లేకుండా పొడిగా, చల్లగా వుండాలి. తడి వుంటే పిండి మెత్తబడుతుంది, నూనెలో చిటపటలాడి మీదికి చిమ్ముతుంది. పిండిని చపాతీకి రెండింతల మందాన వత్తి, దీర్ఘచదరపు ముక్కలుగా కోసి, ఒక సగం మీద ఖీమా పెట్టి, రెండో సగం మడిచి, అంచుకు తడి చేసి నొక్కండి. అంచులను పదునైన చాకుతో ఒక్క వేటున సరిచెయ్యండి. మొద్దు చాకు పొరలను నలిపి అంటించేస్తుంది.

నూనెలో చిటికెడు పిండి వేసి చూడండి. అది అడుక్కు వెళ్ళి నింపాదిగా పైకి తేలితే సెగ సరిపోయింది. వేసీ వేయగానే తేలి ఎర్రబడితే సెగ ఎక్కువ. పైన మాడి లోపల పచ్చిగా వుంటుంది. సన్న సెగ మీదనే పొరలు విప్పుకుంటాయి.

బిస్కత్తుకు 100 గ్రాముల వెన్న, 60 గ్రాముల చక్కెర పొడి తెల్లగా గిలకొట్టండి. అందులో 150 గ్రాముల మైదా, రెండు చెంచాల పాలపొడి, అర చిన్న చెంచా ఉప్పు, కాస్త ఏలకుల పొడి వేసి ముద్ద చెయ్యండి. పిసకకండి! పిసికితే ఏమవుతుందో పైన చదివారు గదా. అరగంట చల్లబరచి, పావు అంగుళం మందాన వత్తి, గ్లాసు అంచుతో గుండ్రంగా కోసి, పైన కుంకుమపువ్వు నానిన పాలు పూయండి. కాలేటప్పుడు పాలలోని చక్కెర, మాంసకృత్తులు కలిసి బంగారు రంగునిస్తాయి. ఈ మార్పును 1912లో మెయ్యార్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు వివరించాడు.

దళసరి గిన్నెలో రెండు అంగుళాల శుభ్రమైన ఇసుక గాని రాళ్ళ ఉప్పు గాని పోసి, దాని మీద కుదురు పెట్టి, మూత వేసి పావుగంట వేడి చెయ్యండి. అదే మీ బట్టీ. బిస్కత్తుల పళ్ళెం కుదురు మీద పెట్టి మూసి, సన్న మంట మీద 20 నుంచి 25 నిమిషాలు వుంచండి. ఓవెన్ వున్నవాళ్ళకు 170 డిగ్రీల మీద 15 నుంచి 18 నిమిషాలు చాలు. తీయగానే బిస్కత్తు మెత్తగా వుంటే కంగారుపడి మళ్ళీ కాల్చకండి. చల్లారిన కొద్దీ వెన్న గట్టిపడి బిస్కత్తు తనంతట తానే కరకరలాడుతుంది. ఆ తరవాత గాలి చొరని డబ్బాలో పెట్టండి.

తినేముందు ఒక చిన్న పరీక్ష చెయ్యండి. గోరువెచ్చని పాలు రెండు గ్లాసులలో పోసి, ఒకదానిలో బిస్కత్తు, రెండోదానిలో లుఖ్మీ అంచు ముక్క సగం దాకా ముంచి పట్టుకోండి. ఏది ముందు విరిగి పడుతుందో ఒకటి, రెండు అని లెక్కపెట్టి చూడండి. వల వున్నది దేనిలో, లేనిది దేనిలో అన్నది గుర్తుంటే జవాబు ముంచకముందే చెప్పగలరు.