రుద్రమ ఎవరి కూతురు?

విశాఖపట్నంలో మల్కాపురం అంటే అందరికీ తెలుసు. నూనె శుద్ధి చేసే కర్మాగారం పక్కనే ఉంది. ఓడలు కట్టే చోటు కూడా దగ్గరే. ఇదే పేరుతో ఇంకో మల్కాపురం ఉంది. అది గుంటూరు జిల్లాలో, కృష్ణా నదికి దగ్గరలో, మందడం పక్కన ఉంది. చిన్న ఊరు. కానీ చరిత్ర చదివినవాళ్లందరికీ ఆ ఊరి పేరు తెలుసు. అక్కడ ఒక రాతి స్తంభం ఉంది. దాని మీద అక్షరాలు చెక్కి ఉన్నాయి. ఇలా రాతి మీద చెక్కిన రాతను శాసనం అంటారు. ఈ శాసనం చెక్కించింది 1261లో. అంటే ఏడు వందల అరవై ఏళ్లు దాటింది.

ఆ రాతి మీద ఏముంది? ఓరుగల్లు ఏలిన కాకతీయ రాజుల వంశం ఉంది. ఎవరి తర్వాత ఎవరు ఏలారో వరసగా ఉంది. తర్వాత ఒక దానం సంగతి ఉంది. గణపతిదేవ మహారాజు తన గురువు విశ్వేశ్వర శివాచార్యులకు మందడం ఊరు ఇస్తానన్నాడు. ఆ మాట నిలబెట్టింది ఆయన కూతురు రుద్రమదేవి. తండ్రి ఇస్తానన్న ఊరితో పాటు వెలగపూడి కూడా ఇచ్చింది. ఆ వెలగపూడిలోనే 2016 నుంచి మన రాష్ట్ర సచివాలయం నడుస్తోంది.

ఊళ్ల మీద వచ్చే రాబడి దేనికి ఖర్చు పెట్టాలో కూడా శాసనంలో ఉంది. మఠం ఉంది, చదువు చెప్పే బడి ఉంది, అన్నం పెట్టే సత్రం ఉంది. రోగులకు ఆరోగ్యశాల ఉంది. వీటితో పాటు ప్రసూతిశాల ఉంది. ప్రసూతిశాల అంటే కాన్పుల ఆసుపత్రి. ఏడు వందల ఏళ్ల కిందట పురుడు పోయడానికి వేరే చోటు ఉండాలని, దానికి ఇంత వాటా అని రాతి మీద రాయించారు. మంత్రసాని చేతుల్లో ప్రాణం పెట్టుకుని పురుడు పోసుకున్న ఆడవాళ్లకు ఆ మాట విలువ వేరే చెప్పాలా?

ఇక వంశం సంగతి. వంశం అనగానే మన ఇళ్లలో తాత పేరు, ముత్తాత పేరు చెబుతారు. నాయనమ్మ పుట్టింటి పేరు అడిగితే చాలామంది తడుముకుంటారు. రాజుల వంశాలూ ఇలాగే ఉంటాయి. అయ్య, కొడుకు, మనవడు. కాకతీయుల వంశంలో కొంచెం తేడా ఉంది. అందులో ఆడవాళ్ల పేర్లు చాలా దొరుకుతాయి.

గణపతిదేవుడి తోబుట్టువు మైలమ్మ. ఇప్పటి మహబూబాబాద్ జిల్లాలో బయ్యారం అనే ఊరుంది. అక్కడ మైలమ్మ చెరువు తవ్వించింది. చెరువు దగ్గర శాసనం వేయించింది. అందులో తన పుట్టింటి వంశమంతా చెప్పించింది. మొదటివాడు వెన్న. అతను కాకతి అనే ఊరి నుంచి ఏలాడట. అందుకే వీళ్లు కాకతీయులయ్యారు. వెన్న తర్వాత గుండ అనే పేరుతో ముగ్గురు. ఆ తర్వాత ఎర్ర. ఈ పాతవాళ్ల పేర్లు మనకు తెలిశాయంటే మైలమ్మ పుణ్యమే. ఆమె, గణపతిదేవుడు ఒక తల్లి పిల్లలే. ఆ తల్లి పేరు బయ్యమ్మ.

గణపతిదేవుడు 1199లో రాజయ్యాడు. అరవై ఏళ్లకు పైగా ఏలాడు. ఆయనకు కొడుకులు లేరు. ఇద్దరు కూతుళ్లు. ఒకామె గణపాంబ. ఆమెను అమరావతి దగ్గర ఏలే కోట వంశంలో బేతరాజుకిచ్చి చేశారు. భర్త పోయాక ఆ సీమను ఆమే ఏలింది. రెండో ఆమె రుద్రమ. ఆమెను నిడదవోలు చాళుక్య వంశంలో వీరభద్రుడికిచ్చి చేశారు. కానీ అత్తవారింటికి పంపి వదిలేయలేదు. తన రాజ్యానికి వారసురాలిని చేశాడు తండ్రి. కొడుకులా పెంచి రుద్రదేవ మహారాజు అని మగపేరు పెట్టాడు. శాసనాల్లో ఆ పేరూ కనిపిస్తుంది. ఆడపేరుతో ఏలితే సామంతులు ఒప్పుకోరని భయం కావచ్చు. నిజంగానే కొందరు ఎదురు తిరిగారు కూడా.

కూతురికి వారసత్వం అనేది రాజులకే అంత కష్టమైంది. మామూలు ఇళ్లలో చెప్పేదేముంది? మన రాష్ట్రంలో ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా కూతురికి హక్కు అని చట్టం చేసింది 1985లో. అదీ అప్పటికి పెళ్లికాని ఆడపిల్లలకే. దేశమంతటా హిందూ కుటుంబాల్లో కూతుళ్లకు ఆ హక్కు 2005లో వచ్చింది.

రుద్రమ విషయంలో ఇంకో చిత్రం జరిగింది. చాలాకాలం ఆమెను గణపతిదేవుడి భార్య అనుకున్నారు. ఇటలీ దేశం నుంచి మార్కో పోలో అనే వ్యాపారి వచ్చాడు. మోటుపల్లి రేవు గురించి, అక్కడి వజ్రాల గురించి, సన్నటి బట్టల గురించి తన పుస్తకంలో చెప్పాడు. ఆ రాజ్యాన్ని ఒక రాణి ఏలుతోందని, చాలా న్యాయంగా ఏలుతోందని మెచ్చుకున్నాడు. కానీ చనిపోయిన రాజు భార్య అన్నాడు. మన వాళ్లు తర్వాత రాసిన కథల్లోనూ కొన్నింట్లో ఇదే మాట. రాణి అంటే రాజు భార్యే అయి ఉంటుందని అందరి లెక్క! మల్కాపురం శాసనం లాంటివి చదివాకే ఆమె కూతురని తేలింది. రాతి మీద రాత లేకపోతే కన్న తండ్రిని మొగుణ్ణి చేసేసేవాళ్లు.

దూరదేశాల్లోనూ ఇలాంటి కథలున్నాయి. ఇంగ్లండులో ఆల్ఫ్రెడ్ అనే పేరున్న రాజు ఉండేవాడు. ఆయన కూతురు ఎథెల్‌ఫ్లెడ్. ఆమెను మెర్సియా అనే సీమకు కోడలిగా పంపారు. 911లో భర్త పోయాడు. అప్పటి నుంచి ఆమే ఏలింది. కోటలు కట్టించింది, యుద్ధాలు నడిపించింది. 918లో చనిపోయింది. ఆమెకు ఒక్కతే కూతురు, ఎల్ఫ్‌విన్. తల్లి తర్వాత ఆ పిల్ల గద్దెనెక్కింది. కొద్ది నెలలకే మేనమామ ఎడ్వర్డ్ రాజు వచ్చి అధికారం లాక్కున్నాడు. పిల్లను తనతో తీసుకుపోయాడు.

రుద్రమకు ముగ్గురు కూతుళ్లు. ముమ్మడమ్మ, రుద్రమ, రుయ్యమ. ఆమెకూ కొడుకులు లేరు. కూతురు ముమ్మడమ్మ కొడుకైన ప్రతాపరుద్రుణ్ణి దత్తత తీసుకుంది. అంటే రాజ్యం కూతురి కడుపున పుట్టిన మనవడికి వెళ్లింది. మనవడికి దగ్గరుండి రాచపని నేర్పింది.

రుద్రమ ఎప్పుడు పోయిందో కూడా ఒక రాయే చెప్పింది. అది నల్గొండ జిల్లా చందుపట్లలో ఉంది. 1289 నవంబరు 27 నాటిది. వేయించినవాడు రాజు కాదు. పువ్వుల ముమ్మడి అనే ఒక సేవకుడు. రుద్రమదేవి, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు శివలోకానికి వెళ్లారని, వాళ్ల పుణ్యం కోసం కొంత భూమి దేవుడికి ఇస్తున్నానని చెక్కించాడు. అంబదేవుడు అనే సామంతుడి మీద యుద్ధంలో ఆ ఇద్దరూ చనిపోయి ఉంటారని చరిత్రకారులు అంటారు. అప్పటికి ఆమె ముసలితనంలో ఉంది. ఆ తర్వాత ప్రతాపరుద్రుడు 1323 వరకు ఏలాడు. ఆ ఏడు ఢిల్లీ సైన్యం ఓరుగల్లు కోటను పట్టుకుంది. అతన్ని బందీగా తీసుకుపోతుండగా దారిలో నర్మదా నది దగ్గర చనిపోయాడు. అక్కడితో కాకతీయుల ఏలుబడి ముగిసింది.