కొలోన్‌ ఫొటో... మెదక్‌ ప్రయాణం

‘ఇంత పెద్ద చర్చి కట్టడానికి ఎన్నాళ్లు పట్టిందిరా?’

ఎల్బీనగర్‌లో ఉండే మా పెద్దమ్మ ఫోన్‌లో ఫొటో చూస్తూ అడిగింది. అన్నయ్య జర్మనీ నుంచి పంపిన కొలోన్‌ కెథడ్రల్‌ ఫొటో అది. 1248లో మొదలుపెడితే 1880కి గానీ పూర్తికాలేదని చెప్పా. ‘అమ్మో... ఆరొందల ఏళ్లా!’ అని బుగ్గలు నొక్కుకుంది. కాసేపాగి, ‘నేనెక్కడ చూస్తాన్లే’ అంది. మోకాళ్ల నొప్పులు. అన్ని గంటలు విమానంలో కూర్చోలేదు. అన్నయ్య పండగ పండక్కీ రమ్మంటాడు, ఆమె చూద్దాంలే అంటుంది.

అలాంటిది మనకీ ఒకటుందని మెదక్‌ బయల్దేరదీశా. పెద్దమ్మ ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కితే, నేను దిల్‌సుఖ్‌నగర్‌లో అదే రైలు అందుకున్నా. ఎంజీబీఎస్‌లో మారి జేబీఎస్‌, అక్కణ్నుంచి నర్సాపూర్‌ అడవి మీదుగా బస్సు. భోంచేసి తీరిగ్గా బయల్దేరడం నాదే పొరపాటు. చేరేసరికి పొద్దుగుంకింది. లోపల దీపాలున్నా అద్దాల కిటికీలు మాత్రం నల్ల పలకల్లా ఉన్నాయి! రంగురంగుల గాజుముక్కల్ని సీసంతో అతికిన బొమ్మలవి. బయటి వెలుగు వాటిగుండా లోపలికొస్తేనే కనిపిస్తాయి.

జనవరిలో మళ్లీ వెళ్లాం, ఈసారి తెల్లవారుజామునే. అబ్బ... ఏం రంగులు! క్రీస్తు జననం, శిలువ, పరలోకానికి ఆరోహణం... మూడు కిటికీల్లో మూడు ఘట్టాలు. లండన్‌ చిత్రకారుడు ఫ్రాంక్‌ సాలిస్‌బరీ పని. మూడూ ఒకేసారి రాలేదు. 1927, 1947, 1958ల్లో ఒక్కొక్కటీ అమర్చారు. అంటే ఒకటి మనకు స్వాతంత్ర్యం వచ్చిన ఏడాదిది.

కోసుగా లేచే కమానులు, ఎత్తైన కప్పు... యూరప్‌లో మధ్యయుగాల నాటి గోథిక్‌ పద్ధతే. కట్టింది మాత్రం ఇరవయ్యో శతాబ్దంలో, పదేళ్లలో. 1914లో మొదలై 1924 డిసెంబర్‌ 25న ప్రారంభమైంది. పొడవు 200 అడుగులు, వెడల్పు 100. గంటల గోపురం 175 అడుగులు. ఐదువేల మంది పడతారట.

పెద్దమ్మకి ఈ లెక్కలేం పట్టలేదు. నున్నగా చెక్కిన గ్రానైటు స్తంభాన్ని తడిమి, ‘ఇవెవరు చెక్కార్రా?’ అంది. అది కరవుకాలం. ఊళ్లలో తిండిలేదు. ఊరికే పెడితే ఎన్నాళ్లని, చార్లెస్‌ వాకర్‌ పాస్నెట్‌ అనే మిషనరీ ఈ పని పెట్టాడు. రాళ్లు మోసినవాళ్లకి కూలి బదులు తిండి. రంగుల పలకలు ఇంగ్లండ్‌ నుంచొచ్చాయి, పరిచింది ఇటలీ మేస్త్రీలు. చెమట మాత్రం చుట్టుపక్కల పల్లెలది. ఈ మాట విన్నాక పెద్దమ్మ చాలాసేపు స్తంభం దగ్గర్నుంచి కదల్లేదు.

బయటికొచ్చి మెట్లమీద కూర్చుని అన్నయ్యకి ఫోన్‌ చేయమంది. అక్కడింకా తెల్లవారలేదు.

‘ఒరేయ్‌, ఇక్కడ ఎండ బాగా కాస్తోంది. వచ్చినప్పుడు నిన్నూ తీసుకొస్తా. మధ్యాహ్నం బయల్దేరితే లాభంలేదు, పొద్దున్నే లేవాలి!’ అంటూ ఫోన్‌ గోపురం వైపు తిప్పింది.