ముళ్లకంపకు ఏ యంత్రం?
పొదను బట్టి ఎంపిక.. తొందరపడితే ఖర్చు వృథా

ఎనుమాముల (వరంగల్): వరంగల్‌ ఎనుమాముల వ్యవసాయ మార్కెట్‌కు పత్తి, మిరప తెచ్చే రైతులకు వేసవి మరో పనికి సమయం. పంట చేతికొచ్చాక గట్లపై పెరిగిన కంపను, పడావు పడిన చెలకల్లోని పొదలను, చేలో మిగిలిన పత్తి కట్టెను మృగశిర కార్తెలోగా తొలగించుకోవాలి. కూలీల కొరతతో పలువురు యంత్రాల వైపు చూస్తున్నారు. అయితే పొద స్వభావం తెలుసుకోకుండా కొన్న యంత్రం మూలన పడుతుంది. నరికిన కంప తొలి వానకే మళ్లీ చిగురిస్తుంది.

మొక్కను గుర్తించడమే మొదటి పని

బీడు భూముల్లో ఎక్కువగా కనిపించేది సర్కారు తుమ్మ. 1877లో జమైకా నుంచి తెచ్చిన దీని విత్తనాలను కడప జిల్లా కమలాపురం ప్రాంతంలో నాటారు. వంట చెరకుగా, బొగ్గుగా ఉపయోగపడినా క్రమంగా సాగు భూములను ఆక్రమించింది. కాయలు తిన్న పశువుల పేడ ద్వారా విత్తనాలు వ్యాపిస్తాయి. నేలకు సమానంగా నరికితే మొదలు నుంచి అనేక కొమ్మలు పుట్టుకొస్తాయి. నేలలోకి దాదాపు అడుగు లోతు వరకు మొదలును తవ్వి తీస్తేనే పీడ విరగడవుతుంది.

లాంటానా పొదదీ ఇదే తీరు. వేరు మొదలును నేలకు రెండంగుళాల దిగువన కోసి, పొదను తలకిందులుగా ఆరబెడితే తిరిగి మొలవదు. వయ్యారిభామను మాత్రం పూత రాకముందే, చేతి తొడుగులు, ముఖానికి గుడ్డతో, వేళ్లతో సహా పీకాలి. పూత దశలో యంత్రంతో కోస్తే పుప్పొడి లేచి చర్మం, శ్వాస సమస్యలకు దారితీస్తుంది.

ఏ పనికి ఏది?

గొడ్డలి, గడ్డపార: పదీ పదిహేను పొదలే ఉంటే ఇవే చాలు. వేరు తీయడానికి గడ్డపారకు సాటి లేదు.

బ్రష్‌ కట్టర్‌: గట్లకు, చెట్ల మధ్య ఇరుకు జాగాలకు అనువైనది. ఇందులో బ్లేడే కీలకం. మెత్తని గడ్డికి నైలాన్‌ తీగ, ముదురు గడ్డికి మూడు పళ్ల బ్లేడు, చేతి వేలంత కాండానికి రంపం పళ్ల గుండ్రటి బ్లేడు వాడాలి. నైలాన్‌ తీగతో తుమ్మను కోయబోతే తీగ తెగుతుందే తప్ప కొమ్మ తెగదు. టూ స్ట్రోక్‌ ఇంజిన్‌కు పెట్రోలులో ఆయిల్‌ కలపాలి. కంపెనీ 25:1 అని సూచిస్తే లీటరుకు 40 మిల్లీలీటర్లు, 50:1 అంటే 20 మిల్లీలీటర్లు. ఆయిల్‌ తక్కువైతే ఇంజిన్‌ పట్టేస్తుంది.

చైన్‌ సా: మణికట్టు కంటే లావైన కాండానికే అవసరం. అనుభవం లేనివారు ముట్టుకోకపోవడమే మేలు.

ట్రాక్టర్‌ ష్రెడ్డర్‌: పత్తి కట్టెకు మంచిది. కట్టెను ముక్కలు చేసి నేలలో కలుపుతుంది. కట్టెకు మిగిలిన కాయల్లో గులాబీ రంగు పురుగు దాగి తర్వాతి పంటకు సోకుతుంది. కనుక చేలోనే నెలల తరబడి వదిలేయరాదు. కాల్చితే సేంద్రియ పదార్థం నష్టపోతాం. ట్రాక్టర్‌ హెచ్‌పీ, పీటీవో వేగం యంత్రానికి సరిపోతాయో ముందే చూసుకోవాలి. రాళ్ల నేలలో బ్లేళ్లు విరుగుతాయి.

జేసీబీ: ముదిరిన తుమ్మను వేళ్లతో పెకలిస్తుంది. కానీ డ్రైవర్‌ను గమనించకపోతే సారవంతమైన పైమట్టి కంపతోపాటే కుప్పలోకి పోతుంది. మొదళ్లను మాత్రమే లేపమని, మట్టి దులపమని ముందే చెప్పాలి.

కొనాలా.. కిరాయికా?

యంత్రం ధరను రోజు కిరాయితో భాగించి చూడాలి. ఉదాహరణకు ధర 20 వేలు, కిరాయి వెయ్యి అనుకుంటే 20 రోజుల పని ఉంటేనే కొన్న ఖర్చు తిరిగి వస్తుంది. మరమ్మతులు, బ్లేళ్లు అదనం. ఏడాదికి రెండు మూడు రోజుల పనే ఉన్నవారికి కిరాయే లాభం. నలుగురు రైతులు కలిసి కొనుక్కోవడం మరో మార్గం. విడిభాగాలు, మెకానిక్‌ వరంగల్‌లోనే దొరికే కంపెనీనే ఎంచుకోవాలి.

కేంద్రం 2014-15లో ప్రారంభించిన వ్యవసాయ యాంత్రీకరణ పథకం మార్గదర్శకాల్లో చిన్న, సన్నకారు, మహిళా, ఎస్సీ, ఎస్టీ రైతులకు 50 శాతం వరకు, ఇతరులకు 40 శాతం వరకు రాయితీకి వీలుంది. ఏయే పరికరాలకు, ఎంత పరిమితి వరకు ఇస్తున్నారో వ్యవసాయ విస్తరణ అధికారిని అడిగి, ఆ తర్వాతే డబ్బు కట్టాలి.

ప్రాణం ముఖ్యం

బ్రష్‌ కట్టర్‌ బ్లేడు రాయిని తాకితే అది తూటాలా ఎగురుతుంది. 15 మీటర్ల లోపు ఎవరూ ఉండరాదు. ముఖ కవచం, బూట్లు, మందపాటి ప్యాంటు తప్పనిసరి. పొదల్లో రక్తపింజర వంటి విషసర్పాలుంటాయి. ముందుగా పొడవైన కర్రతో అలికిడి చేయాలి. పాము కాటేస్తే మంత్రాలతో కాలయాపన చేయక నేరుగా ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లాలి. పాత బావులు, తెగిన విద్యుత్‌ తీగలు కంపలో కనిపించవు. కనుక పొలం చుట్టూ నడిచి చూశాకే యంత్రాన్ని దించాలి.

పొదల నడుమ వేప, చింత వంటి చెట్లుంటే 2002 నాటి వాల్టా చట్టం కింద అనుమతి విషయమై అటవీ అధికారులను సంప్రదించాలి. గ్లైఫోసేట్‌ మందు పిచికారీని 2022 అక్టోబరులో కేంద్రం శిక్షణ పొందిన పురుగు నియంత్రణ నిర్వాహకులకే పరిమితం చేసింది. రైతులు స్వయంగా కొట్టడం నిబంధనలకు విరుద్ధం.

ఏ యంత్రంతో తొలగించినా తొలకరి తర్వాత ఒకసారి చేను తిరిగి చూడాలి. కొత్త చిగుళ్లు జానెడున్నప్పుడే పీకేస్తే మరుసటి ఏడాది యంత్రం అవసరమే ఉండదు.