వరద నీళ్లలో బండి ఆగిందా? ముందు సెల్ఫ్ మీద నుంచి చెయ్యి తీయండి

సీతాఫల్‌మండి: గట్టి వాన ఒక గంట కొడితే చాలు, పల్లపు గల్లీల్లో నీళ్లు ఎటు పోవాలో తెలియక నిలబడిపోతాయి. మార్కెట్లో లోడు దింపి తిరిగొచ్చే ట్రాలీ డ్రైవర్‌కు అప్పుడు రెండే దారులు. వాన తగ్గేదాకా పక్కన ఆగడం, లేదంటే అల్లాహ్ మీద భారం వేసి బండిని నీళ్లలోకి దించడం. ఇంటికి పోయే తొందరలో చాలామంది దించేస్తారు. సగం దూరం పోయాక బండి రెండుసార్లు దగ్గి ఆగిపోతుంది. వెనక హారన్లు మొదలవుతాయి. డ్రైవర్ చెయ్యి తాళం మీదికి పోతుంది. సెల్ఫ్ ఒకసారి, రెండోసారి, మూడోసారి... నీళ్లు చేసిన నష్టం కంటే ఈ మూడు సార్లు చేసే నష్టమే చాలాసార్లు పెద్దది.

ఎందుకో అర్థం కావాలంటే ఇంజన్ లోపల ఏం జరుగుతుందో కొంచెం తెలియాలి. డీజిల్ ఇంజన్ గాలిని పీల్చి దాన్ని 16 నుంచి 20 వంతులకు నొక్కేస్తుంది. ఆ ఒత్తిడికి గాలి వేడెక్కి, డీజిల్ చిమ్మగానే మండుతుంది. గాలి నొక్కితే నొక్కుకుపోతుంది. నీళ్లు నొక్కుకుపోవు. మన బస్తీల్లో ఎక్కువగా కనిపించే పాత డీజిల్ టాటా ఏస్‌నే తీసుకోండి. దాని ఇంజన్ 702 సీసీ, రెండు సిలిండర్లు. అంటే ఒక్కో సిలిండర్ సుమారు 350 సీసీ. పిస్టన్ పూర్తిగా పైకి వచ్చాక మిగిలే చోటు ఇంచుమించు 20 సీసీ, అంటే నాలుగు టీ చెంచాలంత. గాలి గొట్టంలోంచి అంతకు మించి నీళ్లు లోపలికి పోతే పిస్టన్ పైకి రాలేదు. అలాంటప్పుడు సెల్ఫ్ బలవంతంగా తిప్పితే కనెక్టింగ్ రాడ్ వంగవచ్చు. వంగిన రాడ్‌తో ఇంజన్ మళ్లీ తిరిగిందంటే బ్లాకుకే చిల్లు పడొచ్చు. ఆయిల్, ఫిల్టర్లతో పోయే పని ఫుల్ ఇంజన్ పనిగా మారేది ఇక్కడే.

అలాగని నీళ్లలో ఆగిన ప్రతి బండిలోకీ నీళ్లు పోయినట్టు కాదు. కొన్నిసార్లు ఎయిర్ ఫిల్టర్ తడిసి గాలి ఆడక ఆగుతుంది. కొన్నిసార్లు ఫ్యూజ్ బాక్స్‌లోకో సెన్సార్ల కనెక్టర్లలోకో తడి చేరి కరెంటు తెగిపోతుంది. ఈ రెండూ చిన్న పనులే. కానీ నడి నీళ్లలో నిలబడి ఏది జరిగిందో ఎవరూ చెప్పలేరు. అందుకే పెద్దదే జరిగిందనుకుని నడుచుకోవాలి.

ముందు తాళం తీసేయండి. నలుగురిని పిలిచి, గేర్ న్యూట్రల్‌లో పెట్టి బండిని ఎత్తు మీదికి తోయించండి. గేర్‌లో వేసి తోసి స్టార్ట్ చేద్దామని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. ఒప్పుకోవద్దు. అప్పుడు కూడా తిరిగేది ఆ ఇంజనే, వంగేది ఆ రాడే. టోచన్ చేసినా న్యూట్రల్‌లోనే చేయాలి. ఒడ్డుకు చేరాక బ్యాటరీ నెగటివ్ వైరు విప్పేయండి. ఆ తర్వాత ఫోన్ తీసి, బండి మీద నీళ్లు ఎంతవరకు వచ్చాయో ఆ గీత, నంబర్ ప్లేటు, చుట్టూ రోడ్డు కనపడేలా ఫోటోలు తీయండి. ఇవి ఎందుకో కింద చెబుతాం.

మెకానిక్ వచ్చాక మొదట చూడాల్సింది ఎయిర్ ఫిల్టర్. అది పొడిగా ఉండి, దాని వెనక గొట్టంలో తడి లేకపోతే ఆ దారిన నీళ్లు సిలిండర్ దాకా పోలేదన్నట్టే. ఫిల్టర్ తడిసి ముద్దయితే సెల్ఫ్ మాట మరిచిపోండి. డీజిల్ బండిలో నాజిళ్లు లేదా హీటర్ ప్లగ్గులు, పెట్రోల్, సీఎన్‌జీ బండిలో స్పార్క్ ప్లగ్గులు విప్పాలి. తర్వాత క్రాంక్ పుల్లీ బోల్టుకు పానా పెట్టి చేత్తో మెల్లగా తిప్పాలి. లోపల నీళ్లుంటే ఆ రంధ్రాల్లోంచి బయటికి వస్తాయి. సాఫీగా రెండు మూడు చుట్లు తిరిగితే సగం భయం పోయినట్టే. ఒకచోట పట్టేస్తే రాడ్ వంగిందేమో చూడాలి. ఈ పనికి గంట పడుతుందని విసుక్కునే మెకానిక్ దొరికితే ఇంకొకరిని పిలవడం మంచిది.

తర్వాత ఆయిల్ గేజ్ కడ్డీ బయటికి తీసి చూడండి. ఆయిల్ పాలు కలిపిన చాయ్ రంగులో ఉన్నా, గీత దాటి పైకి ఉన్నా అందులో నీళ్లు కలిసినట్టే. ఆయిల్, ఫిల్టర్ మార్చి, ఇంజన్ కొద్దిసేపు నడిపి మళ్లీ ఒకసారి మార్చాలి. మొదటిసారికే మొత్తం తడి పోదు. డీజిల్ ఫిల్టర్ కింద నీళ్లు దింపే స్క్రూ ఉంటుంది, దాన్ని వదులు చేసి చూడాలి. ట్యాంకులోకే నీళ్లు పోయి ఉంటే డీజిల్ మొత్తం దించేసి, లైన్లో ఎయిర్ తీశాకే స్టార్ట్ చేయాలి. బీఎస్ 6 బండ్లలో సెన్సార్లు ఎక్కువ కాబట్టి కనెక్టర్లు ఆరబెట్టి, కంప్యూటర్ పెట్టి చూపించుకోవాలి.

బండి స్టార్ట్ కాగానే పని అయిపోయిందనుకోవద్దు. లోడుతో పరిగెత్తి వేడెక్కిన వెనక హౌసింగ్ ఒక్కసారిగా చల్లటి నీళ్లలో మునిగితే, లోపలి గాలి కుంచించుకుపోయి బ్రీదర్ లోంచి నీళ్లు పీల్చుకుంటుంది. ఆ రోజు ఏమీ తెలియదు. నెల తర్వాత క్రౌన్ అరవడం మొదలవుతుంది. గేర్‌బాక్స్ ఆయిల్, హౌసింగ్ ఆయిల్, చక్రాల బేరింగుల గ్రీజు అదే వారంలో చూపించుకోవాలి. బ్రేకులైతే ఆ క్షణమే చూసుకోవాలి. తడిసిన డ్రమ్ములు సరిగా పట్టవు, మెల్లగా పోతూ కొన్నిసార్లు తొక్కి ఆరబెట్టాలి.

ఇక డబ్బు సంగతి. 2020 అక్టోబర్ 13 రాత్రి వానను నగరం మరిచిపోలేదు. బేగంపేటలో సుమారు 19 సెంటీమీటర్లు, ఘట్‌కేసర్ వైపు 32 సెంటీమీటర్లు పడింది. పాతబస్తీలో అలీనగర్, అల్ జుబైల్ కాలనీ మునిగాయి. అలాంటి రోజుల్లో బండి మునిగితే ఇన్సూరెన్స్ వస్తుందా అంటే, థర్డ్ పార్టీ ఒక్కటే ఉంటే రాదు. అది ఎదుటివాళ్లకు జరిగిన నష్టానికి మాత్రమే. వరద నష్టం ఫుల్ ఇన్సూరెన్స్‌లోనే ఉంటుంది. ఫైనాన్స్ ఉన్నన్నాళ్లు కంపెనీ అడుగుతుంది కాబట్టి ఫుల్ కడతారు. కిస్తీలు తీరగానే థర్డ్ పార్టీకి దిగిపోతారు. బండి పాతబడి, ఇల్లంతా దాని మీదే నడుస్తున్నప్పుడు ఈ పొదుపు ఒక్క వానకే తిరగబడొచ్చు.

ఫుల్ ఉన్నా మొత్తం బిల్లు రాదు. బండి వయసును బట్టి ఇనుప భాగాలకు తరుగు తీసేస్తారు. అయిదేళ్లు దాటి పదేళ్లలోపు ఉంటే 40 శాతం. రబ్బరు, ప్లాస్టిక్, బ్యాటరీలకు వయసుతో పని లేకుండా 50 శాతం. ఆరేళ్ల బండికి 40,000 రూపాయల ఇనుప భాగాలు, 10,000 రబ్బరు, ప్లాస్టిక్ సామాను మార్చారనుకోండి. చేతికి లెక్కకొచ్చేది 24,000, అయిదు వేలు. అందులోంచి పాలసీలో రాసిన కోత కూడా పోతుంది. చిన్న బిల్లయితే క్లెయిమ్ చేయకుండా సొంతంగా కట్టుకోవడమే నయం కావచ్చు, ఎందుకంటే క్లెయిమ్ చేస్తే మరుసటి ఏడు నో క్లెయిమ్ బోనస్ పోతుంది. బండిలో ఉన్న సామాను నష్టం ఈ పాలసీలోకి రాదు, దానికి వేరే పాలసీ ఉండాలి.

సెల్ఫ్ కొట్టిన సంగతి మళ్లీ ఇక్కడికే వస్తుంది. నీళ్లు వచ్చి చేసిన నష్టం వేరు, నీళ్లున్నాయని తెలిసీ ఇంజన్ తిప్పడంతో జరిగిన నష్టం వేరు అని కంపెనీలు వాదిస్తాయి. వంగిన రాడ్ రెండోదాని కిందికి వస్తుందని క్లెయిమ్ తిప్పి పంపడం మామూలే. అందుకే కంపెనీకి ఫోన్ చేసి ఫిర్యాదు నంబర్ తీసుకోకుండా, సర్వేయర్ చూడకుండా ఇంజన్ విప్పించవద్దు. ఫోటోలు అప్పుడే పనికొస్తాయి. ఫిట్‌నెస్, పర్మిట్, డ్రైవర్ లైసెన్స్ తేదీలు దాటి ఉంటే అదొక సాకు అవుతుంది, వానాకాలానికి ముందే చూసుకోవాలి.

క్లెయిమ్ అన్యాయంగా తిప్పికొట్టారనిపిస్తే ముందు కంపెనీకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. నెలలోపు జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా లక్డీకాపూల్ దగ్గర ఏసీ గార్డ్స్‌లో ఉన్న ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ కార్యాలయానికి పోవచ్చు. ఫీజు లేదు, వకీలూ అక్కర్లేదు. కంపెనీ కాదన్న రోజు నుంచి ఏడాదిలోపు దరఖాస్తు ఇవ్వాలి.